ఎత్తు బ్రిడ్జి మీద సైకిల్ ఏ వారన తొక్కాలి? బండ్లు నడిపేవాళ్ళూ చెప్పండి

బ్రిడ్జి_అవతల:
అందరికీ నమస్కారం. విజయనగరంలో గంటస్తంభం దగ్గర కొట్లో పని చేస్తాను. ఇల్లు ఎత్తు బ్రిడ్జికి అటు పక్క. పొద్దున వెళ్ళేటప్పుడూ, రాత్రి కొట్టు కట్టేశాక వచ్చేటప్పుడూ సైకిలే. నా ప్రశ్న ఒక్కటే. బ్రిడ్జి ఎక్కేటప్పుడు నేను ఎక్కడ తొక్కాలి?

ఎడమ అంచుకి పోతే ఇసక. వాన పడిందంటే దాని మీద నీళ్ళు, కింద గొయ్యి ఉందో లేదో తెలీదు. మూరెడు లోపలికి వస్తే వెనక నుంచి హారన్. ఎక్కుడు మీద గట్టిగా తొక్కినప్పుడల్లా హ్యాండిల్ కాస్త అటూ ఇటూ ఊగుతుంది, ఎంత పాతవాడికైనా తప్పదు. మొన్న ఒకాయన కారు అద్దం దించి “దిగి నడిపించుకుపో” అన్నాడు. దిగితే మనిషీ సైకిలూ పక్కపక్కన, ఇంకా ఎక్కువ చోటు పడుతుంది. ఆ మాట చెప్పేలోపు వెళ్ళిపోయాడు.

తిట్టుకోకుండా చెప్పండి.

బుల్లెట్_బాబు:
తిట్టను గానీ నిజం చెప్తాను. సైకిలువాళ్ళకి రూల్స్ ఉండవు. జంక్షన్లో పోలీసు చెయ్యి చూపిస్తే మేం ఆగుతాం, సైకిల్ మాత్రం సందులోంచి దూరి వెళ్ళిపోతుంది. రాత్రి లైటుండదు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు. వెనక్కి చూడకుండా ఠక్కున కుడికి తిప్పేస్తారు. తగిలితే మాత్రం పెద్ద బండిదే తప్పు! లైఫ్ టాక్సు కట్టేది మేము, పెట్రోలు మీద పన్ను మేము, ఇన్సూరెన్సు మేము. పైసా కట్టని బండికి మేం సైడ్ ఇవ్వాలా?

కాఫీ_లాంతర్లు:
వచ్చేశారండీ ఆర్థిక మంత్రి గారు.

పాత_రాలీ:
బుల్లెట్ బాబూ, ఒకప్పుడు సైకిలుకీ లైసెన్సు ఉండేది. మున్సిపాలిటీలో డబ్బు కడితే చిన్న రేకు బిళ్ళ ఇచ్చేవారు, సైకిలుకి బిగించుకోవాలి. చీకటి పడ్డాక దీపం లేకపోతే పోలీసు ఆపేవాడు. డబుల్స్ తొక్కితే ఆపి టైరులో గాలి తీసేసేవాడు. మలుపులో టోపీ కనిపించగానే వెనకవాణ్ణి దించేసి, దాటాక మళ్ళీ ఎక్కించుకునేవాళ్ళం. తర్వాత డైనమోలు వచ్చాయి. దాంతో ఇంకో చిక్కు. తొక్కుతున్నంతసేపే వెలుగు, ఆగితే చీకటి. అంటే రోడ్డు దాటడానికి ఆగినప్పుడు, సరిగ్గా కనిపించాల్సిన టైములో, కనిపించం.

నెల్లిమర్లలో జూట్ మిల్లు షిఫ్టు వదిలితే రోడ్డంతా సైకిళ్ళే. బస్సు డ్రైవరు వాటి వెనకే ఓపిగ్గా వచ్చేవాడు. మంచితనం వల్ల అని నేననను, వేరే దారి లేదు గనక. పదిమందిలో వెళ్ళే సైకిలుకి దొరికే మర్యాద ఒంటరి సైకిలుకి దొరకదు. ఇప్పుడు మనూళ్ళో మిగిలినవి ఒంటరి సైకిళ్ళే: వాచ్‌మన్లు, పేపరు కుర్రాళ్ళు, తాపీ పనివాళ్ళు, బడి పిల్లలు, నాలాంటి మొండివాళ్ళు.

మోడరేటర్:
సైకిల్ అనగానే కొందరు ఫ్యాన్ తిప్పారు, ఇంకొకరు గ్లాసు తెచ్చారు. ఆ పోస్టులు తీసేశాను. ఈ చర్చలో ఆ మూడూ మామూలు సామాన్లే. రోడ్డు గురించి మాట్లాడండి.

లా_మూడో_ఏడు:
బుల్లెట్ గారి టాక్సు మాటకి. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం సైకిల్ మోటారు వాహనం కాదు. అందుకే లైసెన్సు, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్సు అడగరు. అడగలేదు కాబట్టి రోడ్డు మీద హక్కు లేదని కాదు. ఎదుటివాడి ప్రాణం తీసే శక్తి ఉన్న బండినే చట్టం లైసెన్సు అడుగుతుంది. 2017లో వచ్చిన డ్రైవింగ్ రెగ్యులేషన్స్‌లో నడిచేవాళ్ళు, సైకిళ్ళవాళ్ళు, పిల్లలు, వృద్ధులు, దివ్యాంగుల విషయంలో డ్రైవరు ప్రత్యేకంగా జాగ్రత్త పడాలని ఉంది. అనవసరంగా హారన్ కొడితే 2019 సవరణ తర్వాత మొదటిసారి 1,000 రూపాయలు, మళ్ళీ దొరికితే 2,000. ఎవరైనా కట్టగా నేను చూడలేదు, అది వేరే సంగతి.

ఇక పన్ను. ఊళ్ళో మున్సిపల్ రోడ్లకి ఇంటిపన్ను డబ్బు కూడా పోతుంది. అద్దె ఇంట్లో ఉన్నవాడు అద్దెలో అది కడుతూనే ఉన్నాడు. సబ్బుబిళ్ళ కొన్నా జీఎస్టీయే. “పైసా కట్టని” మనిషి ఊళ్ళో ఎవరూ లేరు.

ఇంకో మాట, చాలామంది అడుగుతుంటారు. ఎలక్ట్రిక్ సైకిల్ మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకి 25 కిలోమీటర్ల లోపు ఉంటేనే లైసెన్సు అక్కర్లేదు. దాటితే అది మోటారు బండే. పదో తరగతి పిల్లలకి “సైకిలే కదా” అని స్కూటర్లు కొనిస్తున్న నాన్నలు గమనించాలి.

తొమ్మిదో_క్లాసు_అమ్మ:
మా అమ్మాయి సైకిల్ మీదే స్కూలుకి వెళ్తుంది. తను ఇల్లు చేరేదాకా నాకు టెన్షనే. నాకు లారీల కంటే ఆగి ఉన్న కార్లంటే భయం. కోట జంక్షన్ వైపు కొట్ల ముందు వరసగా కార్లు ఆపుతారు. పిల్లలు వాటి పక్క నుంచే వెళ్ళాలి. లోపల కూచున్నవాళ్ళు వెనక్కి చూడకుండా తలుపు తీస్తారు. తలుపు తగిలి పడితే పడేది రోడ్డు మధ్యకి, వెనక వచ్చే బండి ముందుకి. మొన్న మా వీధి పిల్లకి అలాగే అయింది. మోచేతులు గీరుకుపోయాయి, అంతటితో పోయింది. కారాయన దిగి “చూసుకోవాలి కదమ్మా” అన్నాడట ఆ పిల్లతో!

ఆటోలు కూడా అంతే. ముందు వెళ్తూ వెళ్తూ ఉన్నపళంగా ఎడమకి లాగి ఆపేస్తారు.

ఆటో_దాసన్నపేట:
అమ్మా, ఆటోలని అన్నారు కాబట్టి చెప్తున్నాను. మేం ఎందుకు లాగుతాం? రోడ్డు మీద మనిషి చెయ్యి ఎత్తుతాడు. నేను ఆగకపోతే వెనక ఆటోవాడు ఆగుతాడు, ఆ 10 రూపాయలు వాడివి. ఆటో ఆపడానికి ఒక చోటు అంటూ ఎక్కడ గీశారో చూపించండి, అక్కడే ఆపుతాను. లోపలి మనిషి కూడా “ఇక్కడే, ఇక్కడే” అని భుజం మీద కొడతాడు, నాలుగడుగులు ముందుకి పోనివ్వడు.

సైకిలు పిల్లలకి నా మాట ఒకటే. ఆటో ఆగితే ఎడమ పక్క సందులోంచి దూరొద్దు. దిగేది ఆ పక్కకే. పెద్దావిడ సంచీతో దిగుతుంది, మీరు గంట కొట్టినా ఆవిడ గబుక్కున వెనక్కి తప్పుకోలేదు.

స్టీరింగ్_రిటైర్డ్:
ఈ చర్చ మా అబ్బాయి చూపించాడు. నేను ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాను. సాలూరు, పార్వతీపురం రూట్లు. బ్రిడ్జి అవతల బాబు అడిగినదానికి చెప్పే ముందు పెద్ద బండి సీట్లోంచి ఏం కనిపిస్తుందో చెప్పాలి, ఎందుకంటే సైకిలువాళ్ళలో నూటికి తొంభై మంది ఆ సీట్లో ఎప్పుడూ కూచోలేదు.

బస్సు ఎడమకి తిరగాలంటే, మలుపు ఇరుకైతే, ముందు కాస్త కుడికి లాగి అప్పుడు ఎడమకి కోస్తాం. వెనకున్న సైకిలబ్బాయికి ఏం కనిపిస్తుంది? బస్సు కుడికి పోతోంది, ఎడమ పక్క ఖాళీ అయింది అని. దూరతాడు. అదే టైములో నేను ఎడమకి తిప్పుతాను. వెనక చక్రం ముందు చక్రం వెళ్ళిన దారిన రాదు, లోపలికి కోసుకుంటూ వస్తుంది. బండి ఎంత పొడుగైతే అంత లోపలికి. అప్పటిదాకా మనిషీ సైకిలూ పట్టిన సందు తిరుగుతుండగానే మూసుకుపోతుంది. సైకిలు ఒక పక్క బస్సు రేకు, ఇంకో పక్క గట్టు. వెనక్కి రాలేడు.

ఇదంతా నాకు కనిపిస్తుందా? కనిపించదు. ఎడమ తలుపు కింద, ముందు చక్రానికి దగ్గరలో ఉన్న మనిషి సీట్లో ఉన్నవాడి కంటికి ఆనడు. అద్దంలో వెనక కొంతమేర పడుతుంది, తలుపు ఆనుకుని ఉన్నది పడదు. ఆర్టీసీలో కండక్టరు విజిల్ ఉండేది. ఒక ప్రైవేటు బస్సులో ఎడమ అద్దమే లేకుండా పిల్లల్ని తోలడం ఈ మధ్యనే చూశాను. ఇంకేం చెప్పను.

అందుకని: నా అద్దంలో నా మొహం మీకు కనిపిస్తే మీరు నాకు కనిపిస్తున్నట్టు. కనిపించకపోతే మీరు అక్కడ లేనట్టే. జంక్షన్లో లారీ, బస్సు ఆగి ఉన్నా ఎడమ నుంచి దాటొద్దు. వెనకే ఆగండి. అర నిమిషం పోతుంది, పోనీండి.

ఇప్పుడు డ్రైవర్లకి. సైకిల్ని దాటేటప్పుడు ఎంత దూరం వదలాలని కొత్త కుర్రాళ్ళు అడిగేవారు. అడుగుల లెక్క నేను చెప్పేవాణ్ణి కాదు. ఆ మనిషి కుడి పక్కకి పడిపోతే తల ఎక్కడికొస్తుందో చూడు, నీ చక్రం దానికి అవతల ఉండాలి అనేవాణ్ణి. మనిషి నిలువెత్తు దూరం. అంత చోటు లేకపోతే దాటొద్దు, వెనకే రెండో గేరులో రా. ఇంకోటి, ఖాళీ లారీ స్పీడుగా పక్క నుంచి పోతే దాని గాలి సైకిల్ని ముందు బయటికి తోస్తుంది, వెంటనే లోపలికి లాగుతుంది. అలవాటు లేని పిల్లలు ఆ రెండో లాగుడికి పడతారు. మనం తగల్లేదు కదా అనుకుని వెళ్ళిపోతాం.

బుల్లెట్_బాబు:
స్టీరింగ్ గారూ, మీ అనుభవానికి దండం. కానీ మీరు చెప్పినదాన్ని బట్టి సైకిల్ ఎడమ అంచునే ఉండాలి, లోపలికి రాకూడదు. నేనూ అదే అంటున్నాను.

స్టీరింగ్_రిటైర్డ్:
అంచున ఉండమని నేనెక్కడ అన్నాను నాయనా? బండి పక్కన దూరొద్దు అన్నాను.

కంటోన్మెంట్_సివిల్:
ఇక్కడ కొలతలు చెప్పాలి, లేకపోతే ఈ అంచు గొడవ తెగదు. మామూలుగా ఒక లేను వెడల్పు 3.5 మీటర్లు. సైకిల్ హ్యాండిల్ దాదాపు 60 సెంటీమీటర్లు. అంచు నుంచి ఇసక, కాలువ మూతలు తప్పించుకోవడానికి అరమీటరు వదిలాడనుకోండి. 1.1 మీటర్లు అయ్యాయి. కారు వెడల్పు అద్దాలు కాకుండా 1.7 దగ్గర. మొత్తం 2.8. మిగిలింది 70 సెంటీమీటర్లు. స్టీరింగ్ గారి నిలువెత్తు లెక్క పక్కన పెట్టండి, మీటరు దూరం వదలాలన్నా ఆ లేనులో చోటు లేదు. బ్రిటన్‌లో 2022 జనవరిలో మార్చిన హైవే కోడ్ గంటకి 30 మైళ్ళ వేగం దాకా కనీసం 1.5 మీటర్లు వదలమంటుంది.

అంటే ఏమిటి? సైకిల్ అంచున ఉన్నా, మూరెడు లోపలికి ఉన్నా, కారు దాన్ని సరిగ్గా దాటాలంటే పక్క లేనులోకి వెళ్ళాల్సిందే. ఎదురుగా బండి వస్తుంటే ఆగాల్సిందే. తేడా ఎక్కడంటే, సైకిల్ అంచున ఉంటే కారువాడికి “దూరిపోవచ్చు” అనే ఆశ పుడుతుంది. లోపలికి ఉంటే ఆ ఆశ పుట్టదు, ఆగుతాడు, హారన్ కొడతాడు. బ్రిడ్జి అవతల గారూ, హారన్ వినిపించిందంటే ఆయన మిమ్మల్ని చూశాడు. ఎత్తు బ్రిడ్జి మీద అంచు నుంచి మీటరు లోపల, తిన్నగా, స్థిరంగా తొక్కండి. గోతి గోతికీ లోపలికీ బయటికీ వంకర్లు తిరగడమే అన్నిటికంటే ప్రమాదం. వెనకవాడికి మీరు తర్వాత ఎటు వెళ్తారో తెలియాలి.

బ్రిడ్జి_అవతల:
చెప్పడానికి బాగుంది సార్. ఎక్కుడు మీద, వెనక నాలుగు బండ్లు అదేపనిగా హారన్ కొడుతుంటే కాళ్ళల్లో సత్తువ పోతుంది. వెనక బడి పిల్లాడు బస్తా పట్టుకుని తొక్కుతుంటే వాడు మీటరు లోపల ఉండగలడా?

కంటోన్మెంట్_సివిల్:
ఉండలేడు. అందుకే మన్ను తీయించాలి. అంచు శుభ్రంగా ఉంటే ఈ అరమీటరు మనకి మిగులుతుంది.

కాఫీ_లాంతర్లు:
మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు గారు పెరిగిన ఊరు మనది. కదిలే మోటారు కార్లని గొలుసులు పట్టుకుని ఆపేవారట. ఇప్పుడు కారు ఆగాలంటే ఆయనే రావాలి.

ఉట్రెక్ట్‌లో_ఉంటాను:
మాది తోటపాలెం, ప్రస్తుతం నెదర్లాండ్స్. ఇక్కడ ఉట్రెక్ట్ స్టేషన్ కింద 12,500 సైకిళ్ళు పెట్టుకునే స్టాండు ఉంది. అందరూ ఈ దేశం మొదటి నుంచీ ఇలాగే ఉందనుకుంటారు. కాదు. 1970 నాటికి ఇక్కడా కార్లే ఊళ్ళని మింగేశాయి. రోడ్ల మీద పిల్లలు వందల్లో చనిపోతుంటే తల్లిదండ్రులు రోడ్డెక్కారు. పైగా 1973లో చమురు సంక్షోభం వచ్చింది. ఆ తర్వాతే సైకిల్ దారులు పెరిగాయి.

తొమ్మిదో క్లాసు అమ్మగారు చెప్పిన తలుపు సంగతికి ఇక్కడ పిల్లలకి కూడా నేర్పే చిన్న అలవాటు ఉంది. తలుపు పక్క చేత్తో తీయకూడదు, అవతలి చేత్తో తీయాలి. మన కార్లలో డ్రైవరు కుడి పక్క కూచుంటాడు కాబట్టి ఎడమ చేత్తో తలుపు తీయాలి. చెయ్యి అడ్డంగా వచ్చేసరికి ఒళ్ళు దానంతటదే తిరుగుతుంది, కళ్ళు అద్దం మీదికీ, వెనక్కీ పోతాయి. ఖర్చు లేదు, పర్మిషన్ అక్కర్లేదు.

బుల్లెట్_బాబు:
అక్కడ చల్లగా ఉంటుంది సార్. మే నెలలో ఇక్కడికొచ్చి కలెక్టరేట్ దాకా తొక్కి చూపించండి. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పు వేసి 23 కిలోమీటర్ల ట్రాక్ కట్టారు, 2023లో. అలాంటిది కట్టమని అడగండి, అందులో తొక్కుకోండి. మా దారి మాది, మీ దారి మీది.

పాత_రాలీ:
ఆ ట్రాక్ మా అల్లుడు చూపించాడు బాబూ. బాగుంది. కారు డిక్కీలో సైకిల్ పెట్టుకుని అక్కడికి వెళ్ళి తొక్కి, మళ్ళీ కారులో ఇంటికి వస్తారు. వ్యాయామానికి బంగారం లాంటిది. విశాఖ బీచ్ రోడ్డులో పొద్దున్నే బండ్లు ఆపినట్టే. మా వీధి వాచ్‌మన్‌కి కావలసింది రాత్రి 8 గంటలకి డ్యూటీకి వెళ్ళే దారి. అతని ఇంటి నుంచి గేటు దాకా ప్రతి సందులో ట్రాక్ ఎవరూ వెయ్యలేరు. ఎక్కడో ఒకచోట బండ్లతో కలిసి తొక్కాల్సిందే.

గజపతినగరం_రోడ్డు:
వాచ్‌మన్ అన్నారు కాబట్టి రాస్తున్నాను. మా బావ సెక్యూరిటీ గార్డు. రాత్రి డ్యూటీకి హైవే వారన సైకిల్ మీద వెళ్తుంటే వెనక నుంచి ఏదో బండి తగిలించి పోయింది. తొడ ఎముక విరిగింది, రాడ్డు వేశారు. నెంబరు ఎవరూ చూడలేదు. ఇప్పుడు ఇంట్లో మంచం మీద ఉన్నాడు, అక్క కుట్టుమిషను మీద ఇల్లు నడుస్తోంది. ఎవరిని అడిగినా “సైకిల్‌కి లైటుందా?” అంటున్నారు. బండి దొరకలేదు కాబట్టి డబ్బు ఏమీ రాదని కూడా అంటున్నారు. నిజమేనా?

లా_మూడో_ఏడు:
నిజం కాదు అన్నా. గుద్ది పారిపోయిన కేసులకి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 161 కింద పథకం ఉంది. 2022 ఏప్రిల్ 1 నుంచి మనిషి చనిపోతే 2 లక్షలు, తీవ్ర గాయమైతే 50 వేలు. ఎముక విరగడం చట్టం ప్రకారం తీవ్ర గాయమే. ఎఫ్‌ఐఆర్ కాపీ, ఆసుపత్రి కాగితాలు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు తీసుకుని ఆర్డీవో ఆఫీసులో అడగండి. ఎఫ్‌ఐఆర్ కాకపోయి ఉంటే ముందు అది చేయించండి. రేపటి దాకా ఆగొద్దు.

ఒకవేళ బండి దొరికితే దారి వేరు. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో కేసు వేయాలి, ఆ బండి థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు నుంచి పరిహారం వస్తుంది. లైటు లేకపోవడం వల్ల కొంత తప్పు మీదీ అని కోర్టు పరిహారం తగ్గించవచ్చు, అంతే గానీ లైటు లేదు కాబట్టి కేసే లేదు అనడం అబద్ధం. గుద్దినవాడు గాయపడ్డ మనిషికి వైద్యం అందేలా చూడాలి, 24 గంటల్లోపు పోలీసులకి చెప్పాలి. అది సెక్షన్ 134. మీ బావగారి వివరాలు ఇక్కడ రాయొద్దు, నాకు విడిగా మెసేజ్ పెట్టండి.

స్టీరింగ్_రిటైర్డ్:
అయ్యో. త్వరగా కోలుకోవాలి బాబూ.

ఆ రోడ్డు సంగతి నాకు తెలుసు. నాతవలస నుంచి మనూరి మీదుగా ఒడిశా పోయే హైవే, పాత నెంబరు 43, ఇప్పుడు 26. రాత్రి ఎదురుబండి లైట్లు కళ్ళల్లో పడితే రెండు మూడు సెకన్లు ఎడమ వారన ఏముందో తెలీదు. ఆ రెండు సెకన్లలో బండి ఎంత పోతుందో లెక్కేసుకోండి. గంటకి 60 అంటే సెకనుకి 16 మీటర్లు పైనే. అందుకే లైట్లు కిందికి దించి డిప్ చెయ్యమని మొత్తుకునేది. డిప్ చెయ్యడం ఎదుటి డ్రైవరు కోసమే అనుకుంటారు. వాడి పక్కన వెళ్ళే సైకిలు కోసం కూడా.

సైకిలుకి ఖరీదైన లైటు కొనలేకపోతే రేడియం స్టిక్కరు వేయించండి. కొత్త సైకిళ్ళకి రిఫ్లెక్టర్లు ఉండాలని 2020లో ఆర్డరు వచ్చింది, పాతవాటి సంగతి మనమే చూసుకోవాలి. వెనక మడ్‌గార్డు మీద ఒకటి చాలదు, క్యారియర్ మీద సంచీ కడితే మూసుకుపోతుంది. పెడల్స్‌కి ముందూ వెనకా అతికించండి. పైకీ కిందకీ కదులుతాయి కాబట్టి దూరం నుంచే ఇది మనిషి తొక్కుతున్న సైకిల్ అని తెలిసిపోతుంది. కదలని ఎర్రచుక్క రాయికి కూడా ఉంటుంది.

తొమ్మిదో_క్లాసు_అమ్మ:
రాత్రి వెళ్ళేవాళ్ళు కుడి పక్క నుంచి ఎదురుగా వెళ్తే మంచిది, వచ్చే బండి కనిపిస్తుంది అని మా వీధిలో అంటారు. నడిచేవాళ్ళకి అలాగే చెప్తారు కదా?

స్టీరింగ్_రిటైర్డ్:
నడిచేవాళ్ళకి సరే అమ్మా, సైకిలుకి వద్దు. నడిచేవాడు ఠక్కున ఆగి పక్కకి గెంతగలడు. సైకిలు 15లో పోతోంది, బండి 45లో వస్తోంది. ఒకే వైపు పోతుంటే బండి మిమ్మల్ని సమీపించేది 30 వేగంతో. ఎదురెదురైతే 60. ఆలోచించుకునే టైము సగం అయిపోతుంది. పైగా సందులోంచి ఎడమకి తిరిగి రోడ్డెక్కేవాడు కుడి వైపే చూస్తాడు, ఎడమ నుంచి సైకిల్ వస్తుందని కల్లో కూడా అనుకోడు.

కంటోన్మెంట్_సివిల్:
వేగం మాట వచ్చింది కాబట్టి. గంటకి 50 మీద తగిలే దెబ్బలో ఉండే శక్తి 30 మీద తగిలేదానికి రెండు ముప్పావు రెట్ల కంటే ఎక్కువ. ఊరి మధ్యలో 50 మీద వెళ్ళి మిగుల్చుకునేది రెండు నిమిషాలు, అది కూడా తర్వాతి జంక్షన్లో పోతుంది.

2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్ళు 1,68,491 మంది. కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో టూవీలర్లవాళ్ళు 44.5 శాతం, నడిచేవాళ్ళు 19.5 శాతం, సైకిళ్ళవాళ్ళు 3 శాతం దగ్గర.

బుల్లెట్_బాబు:
చూశారా! చచ్చేది మేమే. అయినా తిట్లు మాకే.

పాత_రాలీ:
అదే నేనూ అంటున్నది. సెల్ఫ్ కొట్టగానే నువ్వు కారువాళ్ళ జట్టులో చేరిపోయావు. బస్సు పక్క నుంచి కోసేటప్పుడు నీ చుట్టూ మాత్రం రేకు ఉందా? ఇసక మీద జారేది మేమే కాదు, నీ ముందు చక్రమూ జారుతుంది. కారు తలుపు నీకు ఇంకా గట్టిగా తగులుతుంది, నువ్వు 40లో ఉంటావు గనక. నీ గొడవ ఉండాల్సింది మాతో కాదు బాబూ.

బుల్లెట్_బాబు:
ఇసక మాట ఒప్పుకుంటా మేష్టారూ. బ్రిడ్జి దిగే మలుపులో నాకూ ఒకసారి బండి జారింది. కానీ లైటు లేని సైకిల్, ఫోన్ మాట్లాడే సైకిల్ మీద నా మాట మార్చను.

పాత_రాలీ:
మార్చొద్దు. అది సరైన మాటే.

కాఫీ_లాంతర్లు:
ఊళ్ళో ఒక్క పూట మాత్రం ఎవరూ ఎవరికీ సైడ్ అడగరు. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం నాడు అమ్మవారి చదురుగుడి నుంచి కోట దాకా ఒక్క బండి ఉండదు. పూజారి కూచున్న ఆ పొడవాటి మాను మూడుసార్లు తిరిగేదాకా అంత పెద్ద జనం అదే రోడ్డులో పడతారు. మర్నాడు ఆ రోడ్డులోనే రెండు సైకిళ్ళకి చోటు లేదంటారు. ఏటో మరి.

బ్రిడ్జి_అవతల:
సరే, మాటలు చాలా అయ్యాయి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇద్దామనుకుంటున్నాను. ఏం రాయాలో చెప్పండి. సైకిల్ ట్రాక్ అడగమంటారా?

కంటోన్మెంట్_సివిల్:
ట్రాక్ అడిగితే ఫైలు కదలదు. సైకిల్ దారుల మీద ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం 1962 నుంచే ఉంది, కనీసం 2 మీటర్ల వెడల్పు కావాలి. పాత ఊళ్ళో ఆ 2 మీటర్లు తేవాలంటే కొట్లు కొట్టాలి. చేత్తో అయ్యే పనులు అడగండి. ఎత్తు బ్రిడ్జికి రెండు వారలా వారానికొకసారి మన్ను, ఇసక తీయడం. విరిగిన కాలువ మూతలు మార్చడం, జాలీల సందులు రోడ్డుకి అడ్డంగా ఉండేలా తిప్పి వేయడం, ఎందుకంటే రోడ్డు పొడుగునా ఉంటే సైకిల్ చక్రం అందులో దిగబడుతుంది. బడి వదిలే టైములో కోట జంక్షన్ వైపు ఒక వారన కార్లు ఆపనివ్వకపోవడం. ఇవ్వబోయే ముందు ఏ రోడ్డు ఎవరిదో కనుక్కోండి. కార్పొరేషనా, ఆర్ అండ్ బీనా, నేషనల్ హైవేనా. తప్పు ఆఫీసుకి ఇస్తే “మాది కాదు” అని ఒక కాగితం వస్తుంది, అంతే.

బుల్లెట్_బాబు:
మన్ను తీయడం మీద సంతకం పెడతా. పార్కింగ్ మీద పెట్టను. మా బాబాయిది అక్కడే బట్టల కొట్టు, కారు ఆపనివ్వకపోతే బేరాలు పోతాయి.

తొమ్మిదో_క్లాసు_అమ్మ:
రోజంతా ఆపొద్దని ఎవరన్నారు? సాయంత్రం బడి వదిలే గంట. ఆ గంటలో మీ బాబాయి గారి కొట్టుకి వచ్చేది మాలాంటి అమ్మలమే, నడిచే వస్తాం.

లా_మూడో_ఏడు:
అర్జీలో “సైకిలిస్టుల హక్కులు” అని పెట్టొద్దు, “బడి పిల్లల భద్రత” అని పెట్టండి. ఎవరూ కాదనలేరు. రసీదు తప్పకుండా తీసుకోండి, నెంబరుంటేనే తర్వాత అడగగలం. డ్రాఫ్టు నేను ఈ రాత్రికి రాస్తాను.

గజపతినగరం_రోడ్డు:
హైవే వారన రాత్రి లైట్లు కూడా ఒక లైను రాయండి తమ్ముడూ. ఆర్డీవో ఆఫీసు సంగతి నేను కనుక్కుని ఇక్కడే చెప్తాను.

బ్రిడ్జి_అవతల:
అన్నీ రాస్తాం. సోమవారం పొద్దున 10 గంటలకి కలెక్టరేట్ గేటు దగ్గర కలుద్దాం. జిరాక్సులు నేను తెస్తాను. స్టీరింగ్ గారూ, మీరు తప్పకుండా రావాలి, మీరు చెప్తే వింటారు.

స్టీరింగ్_రిటైర్డ్:
వస్తాను. మా అబ్బాయి బండి మీద దింపుతాడు.

ఆటో_దాసన్నపేట:
ఆటో ఆగే చోటు గీయాలని మొదటి పాయింటు పెట్టండి. అది లేకపోతే నా సంతకం లేదు. పెడితే స్టాండులో ఉన్న మావాళ్ళందరి చేతా పెట్టిస్తాను.